మంచి యజమాని అయితే చాలా?

ఖరీదైన హోటల్లో ఒకరు పక్క పరుస్తారు, ఒకరు దాని మీద పడుకుంటారు. ఆ గదికి ఒక్క రాత్రి అద్దె, పక్క పరిచిన మనిషి వారం రోజుల కూలి కన్నా ఎక్కువే ఉండొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా నవ్వుతూ పలకరించుకుంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇంత ఎడం ఇంత దగ్గరగా ఉండి కూడా ఎవరికీ గుచ్చుకోకుండా ఎలా ఉంటోంది? అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రేచెల్ షెర్మన్ ఏళ్ల తరబడి తవ్వుతూ వచ్చింది ఈ ప్రశ్ననే.

బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే రోజుల్లో ఆమె రెండు విలాసవంతమైన హోటళ్లలో స్వయంగా పనికి కుదురుకున్నారు. ఆ అనుభవమే 2007లో ‘క్లాస్ యాక్ట్స్’ అనే పుస్తకమైంది. అక్కడ అమ్ముడయ్యేది మెత్తటి పరుపు కన్నా గుర్తింపు అని ఆమె గమనించారు. అతిథి పేరు, అతనికి ఎలాంటి దిండు ఇష్టమో, పోయినసారి ఏం అడిగాడో సిబ్బంది గుర్తుపెట్టుకోవాలి. అడగకముందే అందించాలి. ఆ చిరునవ్వు కూడా శ్రమేనని 1983లోనే సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన పరిచారికల పనిని పరిశీలించి చెప్పి ఉన్నారు. షెర్మన్ అక్కడితో ఆగలేదు.

సిబ్బంది గురించి ఆమె రాసిన భాగం నన్ను వదలదు. వాళ్లు తమను తక్కువవాళ్లుగా అనుకోరు. ఎవరు ఎంత టిప్పు ఇస్తారో ముందే పసిగట్టడం వాళ్లకో ఆట. తమ నేర్పు మీద వాళ్లకు గర్వం ఉంది. అతిథుల్ని తూకం వేస్తారు: మర్యాదగా మాట్లాడి థాంక్స్ చెప్పినవాడు మంచివాడు, మనిషిని మనిషిగా చూడనివాడు చెడ్డవాడు. ఇది ఆత్మగౌరవం నిలబెట్టుకునే మార్గం, దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. కానీ ఆ తూకంలో ఒక ప్రశ్న జారిపోతుంది. ఈ అతిథి మంచివాడా కాదా అన్నదే మిగులుతుంది. ఒకరికి అంత, ఇంకొకరికి ఇంతే ఎందుకు దక్కుతోందన్నది లేవనే లేవదు. అదే బర్క్‌లీలో పాఠాలు చెప్పిన మైకేల్ బురవోయ్, షికాగో ప్రాంతంలో యంత్రాల కార్ఖానాలో కార్మికుడిగా పనిచేసి, పనిని ఆటగా మార్చుకోవడంలోనే దానికి ఒప్పుకోవడం కూడా ఎలా కలిసిపోతుందో 1979లో రాశారు. ఆ ఆలోచనను షెర్మన్ హోటల్ లాబీలోకి తెచ్చారు.

అమెరికాలో ఈ మంచితనానికి చట్టమే చోటు కేటాయించింది. టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని నేరుగా ఇవ్వాల్సిన కేంద్ర కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది కదలలేదు. టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనానికి చేరకపోతే తేడా యజమాని పూరించాలి, కొన్ని రాష్ట్రాలు ఎక్కువే ఇప్పిస్తున్నాయి. అయినా సారాంశం ఇది: జీతంలో పెద్ద భాగం టేబుల్ దగ్గర కూర్చున్నవాడి మనసు మీద ఆధారపడింది.

తర్వాత షెర్మన్ బల్లకు అటువైపు వెళ్లారు. న్యూయార్క్‌లో 50 మంది సంపన్న తల్లిదండ్రులతో మాట్లాడి 2017లో ‘అనీజీ స్ట్రీట్’ రాశారు. వాళ్లలో ఒకామె, పిల్లల్ని చూసుకునే ఆయా కంట పడకూడదని, కొత్త బట్టల మీదే కాదు, ఆరు డాలర్ల రొట్టె మీద కూడా ధర చీటీ పీకేసేదట. ఆ సిగ్గు నటన కాదు. వాళ్లలో చాలామంది తమను ధనవంతులని చెప్పుకోవడానికి ఇష్టపడలేదు, తమకన్నా పైవాళ్లను చూపించి మధ్యలో ఉన్నామన్నారు. కష్టపడతాం, దుబారా చేయం, పిల్లల్ని అహంకారంతో పెంచం, ఇతరులకు ఇస్తాం అన్నారు. ఇక్కడ షెర్మన్ మాట సూటిగా ఉంది: సంపన్నుల్ని మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని విడదీసి చూసినంతకాలం, అంత సంపద కొద్దిమంది దగ్గరే చేరడం సబబేనా అన్న ప్రశ్న పక్కకు పోతుంది. ధర చీటీ పీకేస్తే ఆయాకు ధర కనపడదు. ఆమె జీతం మాత్రం మారదు.

మన దేశానికి వస్తే, కోల్‌కతా ఇళ్లలో పనిమనుషుల గురించి పరిశోధకులు రాకా రే, సీమిన్ ఖయ్యూమ్ కలిసి 2009లో ‘కల్చర్స్ ఆఫ్ సర్విట్యూడ్’ రాశారు. పనిమనుషుల్ని కుటుంబంలో ఒకరని చెప్పుకునే యజమానులు అందులో కనిపిస్తారు. ఆ మాట మనకు కొత్త కాదు. “మా పనమ్మాయిని ఇంట్లో మనిషిలా చూసుకుంటాం” అని మన ఇళ్లలో ఎంత నిండు మనసుతో అంటామో! పండక్కి చీర పెడతాం, పిల్లాడి ఫీజుకు అడ్వాన్సు ఇస్తాం, జ్వరమొస్తే మాత్ర ఇస్తాం. అవన్నీ నిజం, అవన్నీ మంచివే. కానీ జ్వరమొచ్చిన రోజు సెలవు ఆమె అడగాలి, మనం ఇవ్వాలి. జీతం ఎప్పుడు పెరగాలో మనకు తోచాలి. మంచి యజమానురాలికి బెంగళూరు బదిలీ అయితే ఆ మంచితనం ఆమెతోపాటే బండెక్కి పోతుంది, పనమ్మాయి తర్వాతి ఇంట్లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. హక్కు అలా పోదు, మనిషి వెంట నడుస్తుంది. దయకూ హక్కుకూ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

హైదరాబాద్ అపార్టుమెంట్లలో సర్వీస్ లిఫ్టులో పైకొచ్చే డెలివరీ కుర్రాడి విషయమూ ఇంతే. దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు 2020-21లో 77 లక్షల మంది అని నీతి ఆయోగ్ అంచనా. పొట్లం అందుకుని నవ్వుతూ ఐదు నక్షత్రాలు ఇస్తాం. ఆ నక్షత్రాలు అతణ్ని కొలుస్తాయి. అతను వానలో బండి మీద నుంచి పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదన్నది వాటిలో ఉండదు.

మంచితనం వద్దని నేననను. చీదరించుకునే యజమాని దగ్గర పని ఎంత నరకమో పనిచేసేవాళ్లకు తెలుసు. కానీ న్యాయం గురించి అడిగిన చోట మంచితనాన్ని జవాబుగా చూపించకూడదు. ఇంటి పనివారికి వారపు సెలవు, కనీస వేతనం, సామాజిక భద్రత ఉండాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక 2011లో వచ్చింది. భారత్ దానికి అనుకూలంగా ఓటేసింది, ఇంతవరకు ఆమోదముద్ర వేయలేదు. ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం అవసరమో కాదో పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు. మీ ఇంట్లో పనిచేసే ఆమెతో కూర్చుని పని గంటలు, జీతం, ఏటా ఎంత పెంపు, వారానికో రోజు జీతంతో కూడిన సెలవు కాగితం మీద రాసుకోండి. ఒక ప్రతి ఆమె చేతికివ్వండి.