మేలిమి బంగారము

“నీవు మేలిమి బంగారమువంటి వాడవు కావలెను” అని పిల్లలతో చెప్పుట పెద్దల కలవాటు. చెప్పినవారి యుద్దేశము మంచిదే. కాని బిడ్డ దానిని “ఇప్పుడు నేను ఇత్తడిని కాబోలు” అని వినును. ఆ చిన్న ముల్లు లోపల నాటుకొని చాలకాల ముండును.

కావున ముందుగా బంగారమునే సరిగా చూపవలెను. తల్లి చేతి గాజును చూపుడు. సాధారణముగా అది 22 క్యారట్లది. అనగా 24 పాళ్ళలో 22 పాళ్ళు పసిడి. తక్కినవి రాగి, వెండి మొదలగునవి. శుద్ధమైన పసిడి మిక్కిలి మెత్తనిది గనుక గట్టిదనమునకై వీనిని కలుపుదురు. లోపలివైపున 916 అను ముద్ర యున్నచో, వేయి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని యర్థము. రాగితో కలిసినంత మాత్రమున పసిడి రాగిగా మారిపోలేదు. రాగి నిప్పులో నల్లబారును, వెండి నత్రికామ్లములో కరగును. పసిడి ఈ రెండింటికిని చలింపదు. శుద్ధిచేయువాడు బంగారమును పుట్టించుట లేదు. కానిదానిని వేరుచేయుచున్నాడు, అంతే. “నీవు అబద్ధమాడితివి” అనుటకును “నీవు అబద్ధాలకోరువు” అనుటకును గల భేదము సరిగా ఇదియే.

“నిప్పులో పెట్టినప్పుడు బంగారమునకు నొప్పి కలుగదా?” అని పిల్లలడుగుదురు. బెత్తమును పుటముతో పోల్చి సమర్థించుకొను ఉపాధ్యాయులు కొందరు గలరు. ఆ పోలిక నాకు సమ్మతము గాదు. అగ్నికి బంగారముపై కోపము లేదు. కంసాలి చూపు మాలిన్యముపై గాక పసిడిపైననే యుండును. కంసాలి యంగడి ఊడ్చిన దుమ్మును కొని, కడిగి, అందలి పసిడి రేణువులను తీయువారు నేటికిని గలరు. దుమ్ములోనైనను అది బంగారమేయని వారెరుగుదురు. బెత్తము పట్టినవానికి ఆ యెరుక యున్నదా?

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయమున పిల్లలకు తగిన దృష్టాంతమొకటి కలదు. ఒక పొలములో బంగారు నిధి పాతిపెట్టబడి యున్నది. ఆ నేల సంగతి తెలియనివారు ప్రతిదినము దానిమీదనే నడచుచు, దానిని పొందజాలకున్నారు. ఇది చెప్పి కొంచెము సేపు ఊరకుండుడు. “మా యింటి క్రిందకూడ ఉన్నదా?” అని ఎవడో యొకడు అడుగకపోడు. వానిని తన చేయి గుండెపై పెట్టుకొనుమనుడు.