కనబడని పిట్టను ఏమని రాయాలి?

వేల్స్ తీరానికి పడమట స్కోమర్ అనే దీవి ఉంది. మూడు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. శాస్త్రవేత్త టిమ్ బర్క్‌హెడ్ 1972లో అక్కడ గిల్లెమాట్ అనే సముద్రపక్షిని గమనించడం మొదలుపెట్టారు. ఇది గూడు కట్టదు. కొండచరియ అంచున వట్టి రాతిమీదే ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఒక ఆడపక్షి గుడ్డు రంగూ మచ్చలూ మరొకదాని గుడ్డుతో కలవవు. రెక్కా రెక్కా రాసుకునేంత ఇరుకులోనూ తల్లిపక్షీ తండ్రిపక్షీ తమ గుడ్డును గుర్తుపడతాయి. మనకు మాత్రం అన్నీ నల్లవీపు, తెల్లపొట్ట పిట్టలే.

ఈ పిట్టల లెక్క జూన్ మొదటి మూడు వారాల్లో, ఎంచుకున్న చరియల మీద జరుగుతుంది. గాలి హోరెత్తినా, పొగమంచు కమ్మినా ఆ పూట లెక్క ఉండదు. నిన్నటి అంకెను కాస్త అటూ ఇటూ చేసి రాసేస్తే ఎవరు పట్టుకుంటారు? ఎవరూ పట్టుకోలేరు. మరి ఆ నిజాయితీ దేనికి? పైవాడు చూస్తున్నాడని కొందరంటారు. ఎవరూ చూడకపోయినా అబద్ధం అబద్ధమేనని మరికొందరంటారు. ఏది గట్టి వాదనో తేల్చడం నా వల్ల కాదు. కానీ ఎవరు రాసినా లెక్కల పుస్తకంలో పొగమంచు పట్టిన రోజు గడి ఖాళీగానే ఉండాలి. కనబడని పిట్టను లేదని రాయడానికీ వీల్లేదు, ఉందని రాయడానికీ వీల్లేదు.

లెక్క పెడితే పిట్ట బతుకుతుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2014 తొలి నెలల తుఫానులకు అట్లాంటిక్ తీరాల్లో వేలాది సముద్రపక్షులు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఏ లెక్కల పుస్తకమూ వాటిని కాపాడలేదు. అయితే గిల్లెమాట్ సుమారు ఏడేళ్లకు గానీ గుడ్డు పెట్టదు, ఇరవై ఏళ్లకు పైగానూ బతకగలదు. అలాంటి పక్షికి తగిలిన దెబ్బ ఎంత లోతైనదో ఒక్క ఏడాది చూసి చెప్పలేం. స్కోమర్‌లో 1930లలో లక్ష దాకా ఉండేవని అంచనా. బర్క్‌హెడ్ వచ్చేనాటికి రెండు వేలే మిగిలాయి. ఆ తర్వాత మళ్లీ పెరిగాయి. పాత లెక్క లేకపోతే ఈ పెరుగుదలను చూసి సంతోషించాలో, పోయినదాన్ని తలచుకుని బాధపడాలో కూడా మనకు తెలిసేది కాదు.

అందుకే ‘ఈ ఏడాది ఏం తేలింది?’ అని ఇలాంటి పనిని నిలదీయడం తప్పని నా అభిప్రాయం. ఆ 2014లోనే ఒక ప్రభుత్వ సంస్థ ఈ అధ్యయనానికి నిధులు ఆపేసింది. బర్క్‌హెడ్ జనాన్ని అడిగారు. జనం చందాలిచ్చారు. లెక్క కొనసాగింది.