పేగువాపు వ్యాధిలో హిస్టమిన్: కారణమా, వెంట వచ్చినదా?

రోగం ఉన్నచోట ఒక పదార్థం తరచూ కనిపిస్తే, రోగానికి అదే కారణమని చెప్పవచ్చునా? తర్కశాస్త్రంలోని ఈ పాత ప్రశ్న క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాలిక పేగువాపు వ్యాధుల్లో హిస్టమిన్ పాత్ర దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ ప్రకారం కార్యానికి ముందు తప్పకుండా ఉండేదే కారణం. అది ‘అన్యథాసిద్ధం’, అంటే కార్యానికి నిజంగా అవసరం లేకున్నా వెంట ఉండేది, కాకూడదన్నది నైయాయికుల (న్యాయశాస్త్ర పండితుల) మరో షరతు. కుండకు మట్టి, సారె, కుమ్మరి కారణాలు. మట్టి మోసిన గాడిద కాదు. అదే మట్టి బండి మీద వచ్చినా కుండ తయారవుతుంది.

ఇదే కొలతతో హిస్టమిన్‌ను చూద్దాం. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరమే హిస్టమిన్‌ను తయారుచేసుకుంటుంది. శరీరంపై దాని ప్రభావాలను 1910లో హెన్రీ డేల్, పాట్రిక్ లైడ్‌లా వర్ణించారు. పేగు గోడలోని మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలు దాన్ని రేణువుల్లో దాచి ఉంచి, ప్రేరణ అందగానే వదులుతాయి. అప్పుడు సన్నని రక్తనాళాల గోడల్లో సందులు ఏర్పడి ద్రవం బయటికి ఊరుతుంది. పేగు ఉబ్బుతుంది, నొప్పి నాడులు చురుకవుతాయి, పేగులోకి నీరు చేరి విరేచనం పలచబడుతుంది. వ్యాధి ముదిరినప్పుడు హిస్టమిన్ విచ్ఛిన్నమై ఏర్పడే మిథైల్‌హిస్టమిన్ రోగుల మూత్రంలో ఎక్కువగా కనిపించింది.

ఇంతవరకు తేలింది అన్వయమే: అది ఉన్నచోట ఇది ఉంది. వ్యతిరేకం, అంటే అది లేనప్పుడు ఇదీ లేకపోవడం, అంత స్పష్టంగా కుదరదు. హిస్టమిన్‌కు కణాల మీద నాలుగు రకాల గ్రాహకాలు, అంటే అది అతుక్కునే చోట్లు, ఉన్నాయి. నాలుగో గ్రాహకాన్ని అడ్డుకుంటే ప్రయోగశాల ఎలుకల్లో పెద్దపేగు వాపు తగ్గింది. రోగులకు మాత్రం యాంటీహిస్టమిన్లు ప్రధాన చికిత్స కాలేదు. మెసలమైన్, స్టెరాయిడ్లు, వాపును పెంచే ప్రొటీన్ అయిన టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు ఆ స్థానంలో ఉన్నాయి. మాస్ట్ కణం హిస్టమిన్‌తో పాటు ట్రిప్టేజ్ వంటి ఎంజైములనూ వదులుతుంది కాబట్టి, ఒక్కదాన్ని ఆపితే మిగతావి ఆగవు.

గ్రాహకాన్ని బట్టి ఫలితమూ మారుతుంది. మొదటి గ్రాహకం ద్వారా వాపు పెంచే హిస్టమిన్, రెండో గ్రాహకం ద్వారా రోగనిరోధక కణాలను నెమ్మదింపజేయగలదు. లాక్టోబాసిల్లస్ రూటెరి అనే పేగు బాక్టీరియా తయారుచేసే హిస్టమిన్ ఈ దారిలోనే టీఎన్ఎఫ్ ఉత్పత్తిని తగ్గిస్తుంది. మేలుకీడులు పదార్థంలోనే ఉన్నాయనే ఆలోచన ఇక్కడ నిలవదు.

జన్యువులు, పేగులోని సూక్ష్మజీవులు, పరిసరాలు, రోగనిరోధక వ్యవస్థ కలిస్తేనే వ్యాధికి ‘కారణసామగ్రి’, అంటే కారణాలన్నిటి కూడిక, సిద్ధమవుతుంది. వాపు, నొప్పి, విరేచనాలను పెంచుతుంది కాబట్టి హిస్టమిన్ గాడిద కాదు. వ్యాధికి ప్రధాన కారణమని తేలలేదు కాబట్టి కుమ్మరీ కాదు. తర్కశాస్త్ర పరిభాషలో దానికి తగిన పేరు సహకారి కారణం, అంటే మిగతా కారణాలకు తోడ్పడేది.