మధ్యలో పంపిన మాటలు

వాట్సాప్‌లో బ్లాక్ చేసిన మనిషిని మళ్లీ రానివ్వడానికి ఎంతోసేపు పట్టదు. సెట్టింగ్స్, ప్రైవసీ, బ్లాక్డ్ కాంటాక్ట్స్, పేరు మీద నొక్కితే సరి. అవతలి మనిషికి ఆ కబురు అందదు. బ్లాక్ చేసినప్పుడూ చెప్పరు, తీసేసినప్పుడూ చెప్పరు. సందేహం ఇక్కడే పుడుతుంది. ఎదుటివాళ్లకు తెలియకుండా విడిచిపెట్టిన కోపాన్ని క్షమ అనొచ్చా?

గతం గతః అని పెద్దలు సర్దిచెబుతుంటారు. వాట్సాప్ ఆ మాటను అక్షరాలా అమలు చేస్తుంది. బ్లాక్‌లో ఉన్నంతకాలం అవతలివాళ్లు పంపిన మెసేజ్‌లు, చేసిన కాల్స్ అన్‌బ్లాక్ చేశాక కూడా రావు. ఆ తర్వాత పంపినవే వస్తాయి. పంపినవాళ్ల ఫోన్‌లో మాత్రం పాతవి సింగిల్ టిక్‌తో అలాగే ఉంటాయి. అంటే ఇద్దరి దగ్గరా ఉన్న గతం ఒకటి కాదు. ఏ గతాన్ని మరిచిపోవాలి?

పొలం పంపకాల దగ్గర మాటామాటా పెరిగి విడిపోయిన ఇద్దరు అన్నదమ్ముల సంగతే చూడండి. అన్న ఊళ్లో, తమ్ముడు హైదరాబాద్‌లో. తమ్ముడు అన్న నంబరును బ్లాక్ చేశాడు. అయినా చెల్లెలు పెట్టిన కుటుంబ గ్రూపులో ఇద్దరూ ఉన్నారు. బ్లాక్ గ్రూపుల్లో పనిచేయదు. ఉగాది శుభాకాంక్షలు, మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు ఒకరు పెట్టినవి ఒకరు చూస్తూనే ఉన్నారు. పలకరింపే లేదు.

ఇంతలో తండ్రి తద్దినం వచ్చింది. తిథిని బట్టి పెట్టేది కనుక తేదీ ఏటా మారుతుంది. పంచాంగం చూసి చెప్పేది అన్నే. విడిగా తమ్ముడికే రాశాడు: "గురువారం నాన్న తద్దినం రా. నువ్వొస్తే అమ్మ మనసు కుదుటపడుతుంది. పొలం సంగతి తర్వాత చూసుకుందాం." మెసేజ్ సింగిల్ టిక్ దగ్గరే ఆగింది. తమ్ముడు రాలేదు. తద్దినానికి కూడా పిలవలేదని తమ్ముడి బాధ. పిలుపు కూడా అందకుండా చేసుకున్నాడని అన్న బాధ.

కొన్నాళ్లకు కోపం చల్లారి తమ్ముడు అన్‌బ్లాక్ చేశాడు. తన వంతు అయిపోయిందనుకుని అన్న మెసేజ్ కోసం ఎదురుచూశాడు. దారి తెరిచారని అన్నకు తెలిస్తే కదా! ప్రొఫైల్ ఫొటో మళ్లీ కనబడే ఉంటుంది, కానీ అంత పరీక్షగా ఎవరు చూస్తారు? చివరికి చెల్లెలి ఇంట్లో ఎదురుపడినప్పుడు అన్న ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపించాడు.

"గ్రూపులో ఒక్క ముక్క రాయొచ్చు కదన్నయ్యా."

"నాన్న తద్దినానికి నిన్ను గ్రూపులో పిలవాలట్రా?"

ఆగిపోయిన మెసేజ్‌లను దాచిపెట్టి, అన్‌బ్లాక్ చేయగానే అందించేలా ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. కానీ పిల్లల బడి విషయం మాట్లాడాల్సి వచ్చి, వేధించి విడిపోయిన భర్తను అన్‌బ్లాక్ చేసే స్త్రీ మాటేమిటి? అన్నాళ్ల తిట్లూ, బెదిరింపులూ ఒక్కసారిగా ఆమె మీద పడాలా? ఆమెకు గతం గతః అన్నదే రక్షణ. ఫేస్‌బుక్‌లో అయితే అన్‌బ్లాక్ చేసిన మనిషిని మళ్లీ బ్లాక్ చేయడానికి 48 గంటలు ఆగాలి. భయంలో ఉన్న మనిషికి ఆ రెండు రోజులు చాలా ఎక్కువ. అదే ఫేస్‌బుక్‌లో ఇంకో పద్ధతి ఉంది: అన్‌బ్లాక్ చేసినంత మాత్రాన పాత స్నేహం తిరిగి రాదు, కొత్తగా ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపుకోవాలి. రాజీ కోరుకుంటున్నారని అవతలివాళ్లకు తెలుస్తుంది. అన్నదమ్ములకు కావలసింది ఆ పద్ధతే.

ఆగిపోయిన మెసేజ్‌లో పిలుపు ఉందో బెదిరింపు ఉందో వాట్సాప్ చూడలేదు. 2016 నుంచి వ్యక్తిగత సందేశాలన్నిటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అందుకే అందరికీ ఒకే నియమం, అదీ బలహీనుల వైపు మొగ్గిన నియమం. దాన్ని తప్పుపట్టలేం. అన్న పిలుపు పోయిన నష్టమూ కాదనలేం.

భయంతో బ్లాక్ చేసినవాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కోపంతో చేసినవాళ్లు మాత్రం అన్‌బ్లాక్ చేసిన రోజునే ఫోన్ చేసి, "మధ్యలో నాకేమైనా పంపావా?" అని అడగండి. చెరిపేయకపోతే అవి వాళ్ల ఫోన్‌లో ఇంకా ఉంటాయి.