రాస్తే ఎవరికి తగ్గుతుంది?

వైద్య పరిశోధనలో కేస్ రిపోర్టుది అట్టడుగు మెట్టు. వేలమంది మీద చేసిన ట్రయల్స్, వాటన్నిటినీ కలిపి తూచిన విశ్లేషణలు పై మెట్ల మీద కూర్చుంటాయి. ఒక డాక్టరు ఒక రోగిని చూసి రాసిన రెండు పేజీలకు ఏం విలువ అంటారు. మా పీజీ విద్యార్థుల్లో చాలామంది బయోడేటాలో ఒక లైను పెరుగుతుందనే రాస్తారు. మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఆ మెట్ల వరస సరైనదే, నాకు దానితో పేచీ లేదు. కానీ జబ్బును లెక్కపెట్టాలంటే ముందు అలాంటి జబ్బొకటి ఉందని ఎవరికో అనుమానం రావాలి కదా. ఆ అనుమానం వచ్చేది మంచం పక్కన నిలబడ్డవాడికే.

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారపత్రికలో లాస్ ఏంజిల్స్‌కు చెందిన అయిదుగురు యువకుల గురించి ఒక చిన్న నివేదిక వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి సాధారణంగా రాని నిమోనియా వాళ్ళకు వచ్చింది. అచ్చయ్యేసరికే ఇద్దరు పోయారు. ఎయిడ్స్ అన్న పేరు అప్పటికింకా పుట్టలేదు. అయిదుగురంటే గణాంక శాస్త్రం లెక్కలోకి కూడా రారు. అయినా ఆ తర్వాత జరిగిన పరిశోధనకంతా మొదలు అక్కడే.

మన నేల మీదా అలాంటి కాగితాలున్నాయి. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసిన జబ్బును వర్ణించారు. ఆ ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసింది. నడుములు బిగుసుకుపోవడం, వెన్నుపాము నలిగి కాళ్ళు చచ్చుబడటం, అంతటికీ కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని రాశారు. పళ్ళ మీద మచ్చలకు ఫ్లోరైడే కారణమని అమెరికాలో తేలింది 1931లో. ఆరేళ్ళకే మన పల్లెల్లో ఎముకల దాకా పోల్చగలిగారంటే వాళ్ళ చూపుకు దండం పెట్టాలి. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లాలోని ఇదే జబ్బు, ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అదే జబ్బులో కొత్త రూపాన్ని లాన్సెట్‌లో చూపించారు: ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి, ఒకదానికొకటి తగులుతున్నాయి. అప్పటికి మొదటి కాగితం వచ్చి 36 ఏళ్ళు.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఆ మధ్య మా వార్డులో ఉన్నాడు. పిలిస్తే తల తిప్పేవాడు కాదు, ఒళ్ళంతా తిప్పుకుని చూసేవాడు. గడ్డం ఛాతీకి ఆనించమంటే ఆనేది కాదు. చేతులు తల వెనక్కి పెట్టుకోమంటే సగంలోనే ఆగిపోయేవి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది. మామూలు మనిషి ఎక్స్‌రేలో అది కనిపించదు. ఈయన ఎక్స్‌రేలో దానికి సున్నం పట్టి, ఎముక అంచు వెంట తెల్లగా గరుకు గీతలా తేలింది. పీజీలందరినీ పిలిచి ఆ గీత చూపించాను. కేస్ రాస్తానని ఒకతను ఉత్సాహపడి సమ్మతి పత్రం తెచ్చాడు. అందులో ఉన్నదంతా విన్నాక రైతు నావైపు తిరిగాడు.

"ఇది రాస్తే నాకు తగ్గుతదా సారూ?"

"తగ్గదు పెద్దాయనా. ఇట్లాంటి నొప్పితో ఇంకెవరన్నా వస్తే డాక్టర్లు తొందరగా గుర్తుపడతారు."

"వేలిముద్ర వేస్త తియ్. కాని గుర్తుపట్టుడొక్కటే కాదు సారూ, ఆ నీళ్ళు తాగొద్దని మా ఊరోళ్ళకు చెప్పుండ్రి."

ఆయన మాటను బట్టి చూస్తే కేస్ రిపోర్టు ఒక ప్రామిసరీ నోటు. తేడా ఏమిటంటే, ఇక్కడ వేలిముద్ర వేసేవాడు ఇచ్చినవాడు, బాకీ పడేది రాసుకున్నవాళ్ళం. రోగి తన నొప్పిని, తన ఎముకల బొమ్మను మనకిస్తాడు. అందుకు ఆయనకు వచ్చేదేమీ లేదు. ఆయన తరవాతివాళ్ళకైనా ముడితే చెల్లినట్టు. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళలో కాలదోషం పడుతుంది. ఇలాంటి బాకీకి ఎన్నేళ్ళయినా పట్టకూడదు. 1937 నాటి బాకీ నల్గొండలో మిషన్ భగీరథ తాగునీటి నల్లాలు పల్లెలకు చేరేదాకా, అంటే దాదాపు ఎనభై ఏళ్ళు, వాయిదాల్లో తీరుతూ వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. జిల్లా పేరు శాస్త్రంలో నిలిచింది. ఆ మధ్యకాలంలో నడుం వంగిన తరాలు అలాగే వెళ్ళిపోయాయి. రాసినవాళ్ళ తప్పని నేననను. రాయడంతో సగం పనే అవుతుంది, మిగతా సగం ఎవరిదో ఎక్కడా రాసి ఉండదు. నన్ను బాధించేది అది.

ఇంకో సంగతి. ఇప్పుడు రోగి ఆనవాలు తెలిసే వివరమేదీ రిపోర్టులో ఉండకూడదు. '55 ఏళ్ళ పురుషుడు, వ్యవసాయం' అని మొదలుపెడతాం. గోప్యత రోగి హక్కు, అందులో రాజీ లేదు. కానీ ఫ్లోరోసిస్ మనిషిలో కంటే ముందు బావిలో ఉంటుంది. షార్ట్ బృందం వ్యాసం పేరులోనే నెల్లూరు జిల్లా ఉంది, సిద్దిఖీ వ్యాసం పేరులో నల్గొండ ఉంది. ఊరు తీసేస్తే ఈ జబ్బుకు కారణాన్ని కూడా తీసేసినట్టే.

అందుకని ఆ రైతు కేసుకు రెండు కాగితాలు తయారు చేశాం. జర్నల్‌కు పంపినదాంట్లో ఊరు లేదు. రెండోదాంట్లో ఆయన పేరు లేదు, ఊరూ బోరూ ఉన్నాయి, నీటి పరీక్ష ఫలితమూ ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఆ నీళ్ళలో చాలా ఎక్కువ. ఆ రెండో కాగితాన్ని జిల్లా వైద్యాధికారికీ, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకూ పంపాం. జర్నల్ వాళ్ళ జవాబు రాకముందే ఆ బోరుకు, నీళ్ళు తాగొద్దన్న గుర్తుగా, ఎర్ర రంగు వేశారు. ఇంటి దగ్గర నల్లా నీళ్ళు వస్తున్నాయి కానీ, పొలం పనికి పోయినవాళ్ళు ఎండకు తట్టుకోలేక అక్కడి బోరు నీళ్ళే తాగుతున్నారని ఆ రైతు కొడుకు మొన్న మందులకు వచ్చినప్పుడు చెప్పాడు. ఆ బోర్ల నీళ్ళు కూడా సీసాల్లో పట్టి తెమ్మన్నాను.