కథలో మనుషుల్ని మళ్ళీ చూడు తల్లీ

తల్లీ, నీ కథ చదివాను. ఒక రాత్రి ఆగి మళ్ళీ చదివాను. బాగుందని రెండు ముక్కలు రాసి, పత్రికకి పంపెయ్యమ్మా అనేస్తే నీకూ సంతోషం, నాకూ తేలిక. కానీ నువ్వు చాలాకాలం నిలిచి రాయగల పిల్లవని నమ్మాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసే ఆడమనిషి, డ్యూటీ దిగి డిపోలో డబ్బు కట్టేవేళ మూడొందలు తక్కువ రావడం, ఆ మూడొందల చుట్టూ ఆమె బతుకంతా కనబడటం చాలా మంచి వస్తువు. తెల్లవారకముందే మొదటి ట్రిప్పు, కిక్కిరిసిన బస్సులో ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని టిక్కెట్లు కొట్టడం, చిల్లర దగ్గర తగువులు, ఇవన్నీ దగ్గరుండి చూసిన మనిషి రాసినట్టున్నాయి. లోటు అక్కడ లేదు. క్యాష్ కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తా దగ్గర ఉంది.

అతను కథలోకి అడుగుపెట్టినప్పట్నుంచీ కసురుతూనే ఉన్నాడు. అతనికి పేరు లేదు, ఇల్లు లేదు. అతని ముందు ఇంకెంతమంది కండక్టర్లు వరసలో నిలబడ్డారో చెప్పలేదు. లెక్క తేలకపోతే రేపు పైవాళ్ళకి జవాబు చెప్పుకోవలసింది అతనేనా అన్న ఊసు లేదు. నీ కండక్టరమ్మ మంచిదని మాకు తెలియడం కోసం అతన్ని చెడ్డవాణ్ణి చేశావు. ఆమె మంచితనం తన కాళ్ళమీద తనే నిలబడగలదు. అతన్ని అంత దిగజార్చకపోయినా మేము ఆమె పక్షానే ఉంటాం.

సవరించి పంపుతాను మామయ్యా అని ఫోనులో అన్నావు. ఏం సవరిస్తావమ్మా అంటే వాక్యాలు బిగిస్తానన్నావు, వర్ణన తగ్గిస్తానన్నావు, చివర ఒక మలుపు పెడతానన్నావు. మొదటి రెండూ చెయ్యవలసిన పనులే, కానీ ఆఖరున చెయ్యవలసినవి. మూడోది అసలు చెయ్యకు. ముందు చెయ్యవలసింది, రాసిన మనుషులందర్నీ ఒక్కొక్కరినే మళ్ళీ చూడటం. నేను ఇతనికి న్యాయం చేశానా, ఈమెని నాకు కావలసినంత మేరకే చూసి వదిలేశానా అని అడగడం. నా దృష్టిలో సవరణంటే అదే.

ఇది నేను కనిపెట్టిన మాట కాదు. కన్యాశుల్కం సంగతే చూడు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో పుస్తకంగా వచ్చింది, జనం మెచ్చారు. మరొకరైతే ఆ పేరుతో తృప్తిపడి ఇంకో నాటకం మొదలుపెట్టేవారు. గురజాడ అప్పారావుగారు ఆ నాటకాన్నే మళ్ళీ పట్టుకుని, దాదాపు కొత్తగా రాసి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈనాడు మనం చదివేదీ ఆడేదీ ఆ రెండోదే. పసిపిల్లల్ని ముసలివాళ్ళకి అమ్ముకునే దురాచారాన్ని తూర్పారబట్టడమే పని అయితే మొదటి కూర్పు చాలు. రెండోసారి పెరిగింది సమస్య కాదమ్మా, మనుషులు. మొదటి కూర్పులో వేశ్య మధురవాణి పాత్ర చిన్నది. రెండోదానికొచ్చేసరికి నాటకాన్ని నడిపే మనిషి ఆమే అయింది. ఆఖరి అంకంలో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. వేశ్యలంటే గిట్టని ఆ పెద్దమనిషికి ఎదురుగా కూర్చుని, మంచీ చెడ్డా మాట్లాడుతుంది. ఆయన నిజంగా మంచివాడు, ఆయన మీద రచయితకి గౌరవం ఉంది. అయినా ఆ మంచితనంలో ఉన్న వెలితిని ఆమె చేత మనకి చూపించారు. పిసినారి లుబ్ధావధాన్లు మీద కూడా చివరికి నాకు జాలే కలుగుతుంది. గిరీశం మోసగాడని తెలిసీ అతని మాటకోసం ఎదురుచూస్తాం. ఒక రచయిత తన మనుషులని పన్నెండేళ్ళ తర్వాత కూడా వదిలిపెట్టకుండా ఆలోచించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మన సాహిత్యంలో ఇంతకన్నా గొప్ప సవరణ జరిగిందని నేను అనుకోను. వీలైతే రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదువు. కథ రాయడం గురించి నేను చెప్పగలిగినదానికంటే ఎక్కువే అవి నేర్పుతాయి.

సవరణంటే కొట్టెయ్యడమే అనే మాట ఈమధ్య బాగా వినబడుతోంది. సగం నిజం. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ కథ గుర్తు తెచ్చుకో. అప్పల్రాముడి పాత అప్పు మీద పంచాయితీ జరుగుతుంది, చివరికి అతని కొడుకు సీతారాముడు తన బిడ్డని తనే నరికేస్తాడు. కత్తెర పట్టుకున్నవాడికి ఆ ఊరి చరిత్ర, శ్రీరాములునాయుడి పెద్దరికం, ఊళ్ళో జరిగిన అభివృద్ధి, అప్పు పుట్టిన తీరు, అప్పల్రాముడి సంసారం, ఇన్ని పేజీలు ఎందుకనిపిస్తుంది. అవి తీసేసి చూడు, చివర మిగిలేది ఒక ఉన్మాది చేసిన హత్య. అవి ఉండబట్టే ఆ దెబ్బ మన మీద పడుతుంది, ఊరంతటి మంచితనం మీదా పడుతుంది. పోనీ ఆ పంచాయితీలో కూర్చున్నవాళ్ళలో ఒక్కణ్ణయినా ఒట్టి దుర్మార్గుడిగా రాశారా? నీ కథలో కండక్టరమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టడానికి వెళ్ళే ఘట్టం ఎందుకు తేలిపోయిందంటే, అంతకుముందు ఆ ఇంట్లో డబ్బు ఎలా వస్తుందో, ఎటు పోతుందో నువ్వు ఎక్కడా చెప్పలేదు. అక్కడ నీకు కావలసింది ఇంకో రెండు పేజీలు. భయపడకుండా రాయి.

కొట్టెయ్యవలసినవి వేరే ఉన్నాయి. మొదటి పేజీలో సూర్యోదయం అక్కర్లేదు. ‘నిస్సహాయంగా’, ‘దీనంగా’, ‘మౌనంగా రోదిస్తూ’ లాంటి మాటలు ఎక్కడ కనబడినా తీసెయ్యి. చాసోగారి ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో ఫీజు కట్టలేక చదువాగిపోయిన కుర్రాణ్ణి తండ్రి చుట్టలు కొనుక్కురమ్మని పంపిస్తాడు, బడిమీదుగా పోవాలి. అంతే. పేదరికం మీద ఉపన్యాసం లేదు. ఆ పిల్లాడి సిగ్గు మన మొహంలోకి వస్తుంది. మేము ఏడవవలసినచోట ముందుగా నువ్వే ఏడ్చేస్తే, మాకు చెయ్యడానికి పనేమీ మిగలదు తల్లీ.

ఇక మాటలు. నీ బస్సు తిరిగేది శ్రీకాకుళం పల్లెల్లో. డ్రైవరు మాత్రం టీవీ సీరియల్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. ఒక ముసలమ్మ బస్సెక్కి కండక్టర్ని ‘మీరు’ అంటుందా? అమ్మీ అని పిలిచి చనువుగా మాట్లాడుతుంది. అది నీ చెవికి తెలుసు, నీ కలానికే ఇంకా మొహమాటం. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు చదువు. కథంతా మనుషుల మాటల మీదే నడిపించేస్తారు, మాటనిబట్టే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ఆయనది గోదావరి జిల్లాల భాష, దాన్ని నువ్వు అరువు తెచ్చుకోకు. ఆయన చెవి ఒగ్గిన పద్ధతి మాత్రం నేర్చుకో. నీ కథని ఇంట్లో పైకి చదువు, మనసులో కాదు, గొంతెత్తి. నాలిక ఎక్కడ తడబడితే అక్కడ నువ్వు కాక ఇంకెవరో రాశారన్నమాట. తెరమీద చదివితే కంటికి ఆనని తప్పులు కాగితం మీద ఆనుతాయి. కాబట్టి ఒకసారి ప్రింటు తీసుకుని, చేత్తో పెన్ను పట్టుకుని కూర్చో.

డిపోలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళచేత చదివించు. డబ్బు తక్కువైతే ఎవరు ఎందులో రాస్తారు, ఎవరి సంతకం కావాలి, ఎప్పటిలోగా కట్టాలి, ఇవి వాళ్ళకే తెలుసు. సాహిత్య మిత్రులకి తర్వాత చూపించొచ్చు. వాళ్ళు పది రకాలుగా చెబుతారు. ఇద్దరు ముగ్గురు ఒకేచోట ఆగారంటే అక్కడ ఏదో ఉంది. ఎలా బాగుచెయ్యాలో వాళ్ళు చెప్పిన మందు మాత్రం తీసుకోకు, అది నువ్వే వెతుక్కోవాలి.

ఎప్పుడైనా శ్రీకాకుళం వెళ్తే కథానిలయం చూడు. 1997లో ‘యజ్ఞం’ రాసిన రామారావుగారే పెట్టారు. మన తెలుగు కథలు అచ్చయిన పాత పత్రికలు అక్కడ ఉన్నాయి. నీకిష్టమైన కథ ఒకటి ఎంచుకుని, పత్రికలో మొదట ఎలా పడిందో, తర్వాత సంపుటిలో ఎలా ఉందో పోల్చి చూడు. మారిన ప్రతిచోటా ఎందుకు మార్చారా అని ఆగు. ఒక పూట అలా కూర్చున్నావంటే ఎవరి పాఠమూ అక్కర్లేదు.

ఇంకొక్క మాట. దిద్దడానికి అంతులేదని భయపడుతున్నావు కదూ? ఉంది. పొద్దున తీసేసిన మాటని సాయంత్రం మళ్ళీ పెడుతున్నావంటే నీ పని అయిపోయినట్టే, ఇక పంపెయ్యి. కానీ గుమాస్తా సంగతి తేలకుండా పంపకు. ముందు అతనికో పేరు పెట్టు, ఆ పేరు నాకు ఫోను చేసి చెప్పు.