పగటి నిద్రకు కాపలా

గోదావరిఖనిలో నేను పెరిగిన క్వార్టర్లో రెండు గదులు, ఒక వంటిల్లు. బాపు నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకున్న వారం ఆ ఇంట్లో మాట్లాడడం నేరం. గిన్నె కింద పడకూడదు. రేడియో పెట్టకూడదు. పక్కింటి పిల్లలు గోలీలు ఆడుతుంటే అవ్వ వెళ్లి బతిమాలేది, “మీ మామ పండుకున్నడు, లొల్లి చెయ్యకున్రి బిడ్డా” అని. మరుసటి వారం ఆ పిల్లల తల్లి మా దగ్గరికి వచ్చేది. వాడవాడంతా వంతులవారీగా ఒకరి పగటి నిద్రకు ఇంకొకరు కాపలా కాసేవాళ్లం.

ఇందులో ప్రేమ లేదని ఎవరనగలరు? కానీ పదహారేళ్ల వయసులో నాకు కనిపించింది నిశ్శబ్దం ఒక్కటే. బాపు మేలుకున్నప్పుడు నేను కాలేజీలో ఉండేదాన్ని. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆయన బాయిలోనో నిద్రలోనో ఉండేవాడు. ఇద్దరం ఎదురుపడే కాస్త సమయంలో మా మధ్య నడిచే సంభాషణ మూడు నాలుగు వాక్యాలకు మించేది కాదు. “చదువుతున్నవా?” “ఆ.” “ఎటు పోయినవ్?” “రమ వాళ్లింటికి.” “ఆడివిల్లకు తిరుగుడెందుకు?” అక్కడితో అయిపోయేది.

పిల్లలు తల్లిదండ్రులతో ఎలా మెలగాలి, తల్లిదండ్రులు ఎదిగే పిల్లలతో ఎలా ఉండాలి అని ఇప్పుడు సలహాలిచ్చే వాళ్లకు కొదవ లేదు. కలిసి భోంచేయండి, మనసు విప్పి మాట్లాడుకోండి, స్నేహితుల్లా ఉండండి అంటారు. మూడు షిఫ్టుల ఇంట్లో కలిసి భోంచేయడం అనేది ఎవరి చేతిలో ఉంది? అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. ఇంట్లో వాళ్లందరూ ‘సర్దుకుపోతే’ ఆ సర్దే పని ఎవరు చేస్తున్నారు?

*

మొదట రుణం గురించి మాట్లాడాలి.

“మీ కోసమే గద బాయి దిగుతున్న” అనేవాడు బాపు. అది అబద్ధం కాదు. నెలనెలా జీతం కాగితం మీద మస్టర్లు లెక్కపెట్టుకుని, ఒక నాగా పడితే బాధపడే మనిషి. అయితే ఆ మాట ఎప్పుడొచ్చేదో చూడండి. మేం ఏదైనా అడిగినప్పుడో, కాదన్నప్పుడో వచ్చేది. ఆ తర్వాత ఇక మాట్లాడడానికి ఏమీ ఉండేది కాదు. నిజమైన మాటే నోరు మూయించే మాట కూడా కావచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

అమెరికన్ తత్వవేత్త జేన్ ఇంగ్లిష్ 1979లో ఒక వ్యాసం రాసింది, ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులకు ఏం బాకీపడి ఉంటారని. ఏమీ బాకీ ఉండరన్నది ఆమె జవాబు. అడిగి పొందిన సాయానికి అప్పు ఉంటుంది, ఇష్టంతో చేసిన దానికి అప్పు ఉండదు, పిల్లలు చేయవలసినదేదైనా ఉంటే అది మిగిలి ఉన్న ప్రేమ నుంచి, స్నేహం నుంచి రావాలి అంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఊపిరాడినట్టయింది. మన దగ్గర ‘బిడ్డల శిక్షణ’ రాసిన చలం కూడా తల్లిదండ్రుల అధికారాన్ని ఇంత సూటిగానే ప్రశ్నించాడు గదా అనుకున్నాను.

కానీ గోదావరిఖనికి తిరిగి వచ్చి ఆలోచిస్తే ఈ వాదం సగమే సరిపోతుంది. ఎందుకంటే మా దగ్గర తండ్రీ బిడ్డల మధ్య బాకీ మనసులో మాత్రమే లేదు, కంపెనీ కాగితాల్లో కూడా ఉంది. వారసత్వ ఉద్యోగం అంటే అదే. తండ్రి చనిపోతేనో, మెడికల్ అన్‌ఫిట్ అయితేనో ఆ పని పిల్లలకు వస్తుంది. తండ్రి ఊపిరితిత్తులు, నడుము, మోకాళ్లు పాడైన చోట కొడుకు జీవితం మొదలవుతుంది. ఇంత దగ్గరి, ఇంత క్రూరమైన బంధాన్ని స్నేహం అనే మాటతో ఎలా అర్థం చేసుకుంటాం? పద్దెనిమిదేళ్ల కొడుకు తండ్రిని “అన్‌ఫిట్ గా రాదే” అని అడిగిన ఇళ్లు నాకు తెలుసు. ఆ కొడుకు దుర్మార్గుడు కాదు. ఆ తండ్రి కూడా మనసులో అదే లెక్క వేసుకుంటున్నాడు.

ఇక ఈ లెక్కలో ఆడపిల్ల ఎక్కడ? జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో డిపెండెంట్లంటే ఎవరో చెప్పే చోట భార్య, కొడుకుతో పాటు పెళ్లికాని కూతురు కూడా ఉంది. మా ఇళ్లలో ఆ వాక్యం ఎవరూ చదవలేదు. కొడుకు లేని ఇంట్లో అల్లుడికి బాయి పని ఇప్పిస్తామని కట్నం మాటల్లో చెప్పుకున్న పెళ్లిళ్లు చూశాను. కూతురు ఉద్యోగానికి వారసురాలు కాదు, ఉద్యోగాన్ని ఇంకో మగవాడికి చేర్చే దారి. పెళ్లయిన కూతురిని వారసుల జాబితా నుంచి తీసెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు బొగ్గు కంపెనీ కేసులోనే 2016లో చెప్పింది. అప్పటికి నా వయసు ఆడపిల్లలు ఎంతమంది ఆ జాబితా బయటే బతుకు గడిపేశారో!

అయితే, జాబితాలో ఉన్నవాడు బాగుపడ్డాడా? మా అన్న ఇంటర్ మధ్యలో మానేశాడు. “నాకు బాయి ఉన్నది గదా” అన్నాడు. ఎవరూ గట్టిగా వద్దనలేదు. 1990ల చివరికి వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. 1990 ప్రాంతంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య తగ్గుతూ వచ్చింది, ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. తెలంగాణ వచ్చాక 2016లో వారసత్వ ఉద్యోగాలు మళ్లీ ఇస్తామన్నారు, 2017లో హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో కొంత దారి తెరిచారు. అప్పటికి బాపు రిటైరై చాలా ఏళ్లయింది. అన్న ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర కూలీగా కుదిరాడు. తండ్రి తనను మోసం చేశాడని అతని బాధ. నేనేం మోసం చేసిన అని తండ్రి బాధ. ఇద్దరూ కొన్నేళ్లు మాట్లాడుకోలేదు.

*

మాట్లాడుకోలేదని అన్నాను గానీ, ఇంట్లో మాటలు నడుస్తూనే ఉండేవి. నడిపింది అవ్వ.

“వాన్ని ఇంట్లకెళ్లి ఎల్లగొట్టు” అని బాపు అరిస్తే, అవ్వ లోపలికొచ్చి “నువ్వు తిన్నవా అని అడుగుతున్నడు మీ బాపు” అని చెప్పేది. “ఆయన ముఖం సూడ” అని అన్న అంటే, “వానికి పాణం మంచిగలేదు, రేపు మాట్లాడ్తడట” అని బాపుకు చెప్పేది. నేను డిగ్రీలో చేరతానన్నప్పుడు కూడా అంతే. నా పట్టుదలను ఆమె బాపుకు బతిమాలుడుగా మార్చి చెప్పింది. ఆయన కోపాన్ని నాకు దిగులుగా మార్చి చెప్పింది. అట్లా నాకు చదువు దొరికింది. ఆ అబద్ధాల మీద నేను నిలబడ్డాను కాబట్టి వాటిని తేలిగ్గా తప్పు పట్టలేను.

తల్లి పనిలో మూడు డిమాండ్లుంటాయని సారా రడిక్ 1989లో రాసిన ‘మెటర్నల్ థింకింగ్’లో అంటుంది. బిడ్డను కాపాడాలి, ఎదగనివ్వాలి, సమాజం ఒప్పుకునేలా తయారు చేయాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి తగాదాపడతాయి. మా అవ్వ మొదటిదాన్ని పట్టుకుంది. ఇల్లు విరిగిపోకుండా కాపాడింది. అయితే బాపుకు కొడుకు కోపం ఎందుకో తెలియలేదు, అన్నకు తండ్రి భయం ఏమిటో తెలియలేదు. ఒకరి అసలు గొంతు ఒకరు వినకుండానే ఇద్దరూ ముసలివాళ్లవుతూ వచ్చారు. అవ్వ పోయిన రోజు ఆ ఇద్దరూ ఒకే అరుగు మీద చెరో చివర కూర్చున్నారు. వాళ్ల మధ్య అటూ ఇటూ తిరిగే మనిషి లేదు. అన్న నా వైపు చూసి, “బాపు తిన్నడో లేదో అడుగు” అన్నాడు. బాపు వినేంత దూరంలోనే ఉన్నాడు.

నేను లేచి అడిగాను. ఆ క్షణంలోనే అవ్వ పని నాకు బదిలీ అయింది. ఆ వారసత్వానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

ఇళ్లలో శాంతి అని మనం పిలిచేది చాలాసార్లు ఒక స్త్రీ చేసే దుబాసీ పని. దానికి జీతం లేదు సరే, పేరు కూడా లేదు. పైగా ఆమె ఎంత బాగా చేస్తే మిగతా వాళ్లకు మాట్లాడుకోవడం అంత అవసరం లేకుండా పోతుంది.

*

ఇదంతా తెలిసిన నేను ఏం చేశాను?

మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం. మైనింగ్ ఇంజనీరింగ్ చేస్తానంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. అంతకుముందు చరిత్ర ఇంకా విచిత్రం. 1929లో నిబంధనలు తెచ్చి మెల్లగా పైకి పంపించారు, యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చినప్పుడు 1943లో మళ్లీ దింపారు, అవసరం తీరాక 1946లో మళ్లీ వద్దన్నారు. చివరకు 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో పగటిపూట స్త్రీలు దిగవచ్చని అనుమతిచ్చింది. ఆ స్త్రీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్న షరతు పెట్టింది. ఈ సంగతులన్నీ నా కూతురికి నేనే చెప్పాను, గర్వంగా. క్లాసులో పిల్లలకూ చెప్పాను. ఆమె తన గురించి అడిగేసరికి నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: “నీ కోసమే గదా ఇంత చదివి ఆ బాయి నుంచి బయటపడింది.”

అదే మాట! ముప్పయ్యేళ్ల తర్వాత, ఎంఏ తెలుగు చదివిన గొంతుతో.

ఆమె అరవలేదు. “అమ్మా, నీకు భయమా, నామోషీయా? ముందు అదొకటి చెప్పు” అంది. నేను చెప్పలేదు. ఆ రాత్రి మా ఆయనతో “నువ్వు నెమ్మదిగా చెప్పి చూడు” అన్నాను. మధ్యవర్తిని నియమించానన్నమాట. ఆయన “నీ మాట నువ్వే చెప్పుకోరాదూ” అన్నాడు. మామూలుగా తప్పించుకునే మనిషే, ఆ పూట మాత్రం సరైన మాట అన్నాడు.

ఆదివారం అమ్మాయిని తీసుకుని బాపు దగ్గరికి వెళ్లాను. ఆయనకు ఇప్పుడు వినికిడి తగ్గింది, దగ్గు పెరిగింది. అది మనవరాలు కాబట్టి ఏ సంకోచం లేకుండా అడిగింది, బాయిలో ఏం చేసేవాడివి తాతా అని. నేను ఏనాడూ అడగని ప్రశ్న. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పైకప్పును కర్రతో తట్టి చూసేవాళ్లట. గట్టి మోత వస్తే పని మొదలుపెట్టాలి, డొల్ల మోత వస్తే వెనక్కి జరగాలి. మొదటిసారి దిగిన రోజు నెత్తి మీది లైటు ఒక్కటే వెలుగు, ఏడుపొచ్చిందట. పక్కవాళ్లు చూస్తారని చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాడట.

“మరి ఇంట్ల ఎందుకు చెప్పలే తాతా?”

“ఎవలడిగిండ్రు బిడ్డా?” అన్నాడు. తర్వాత నా వైపు చూసి, “చెప్తే మీరు పండుకుంటరా?” అన్నాడు.

మేం ఆయన నిద్రకు కాపలా కాస్తున్నామనుకున్నాం. ఆయన మా నిద్రకు కాపలా కాస్తున్నాడు. రెండు వైపులా ప్రేమే. రెండు వైపులా మౌనమే.

*

దీని నుంచి అందరికీ పనికొచ్చే సూత్రం తీయడానికి నాకు జంకుగా ఉంది. మాట్లాడుకోండి అనే సలహా అన్ని ఇళ్లకూ ఒకటే కాదు. జీతం రోజు తాగొచ్చి కొట్టే తండ్రి ముందు కూతురు మనసు విప్పాలని నేను చెప్పను. పదిహేడేళ్లకే పెళ్లి ఖాయం చేసిన ఇంట్లో పిల్లకు కావలసింది తల్లిదండ్రులతో సఖ్యత కాదు, 2006 బాల్య వివాహ నిషేధ చట్టం, 1098 నంబరు, పక్కన నిలబడే ఒక టీచరు. అక్కడ మౌనం పిరికితనం కాదు, ప్రాణరక్షణ. మా అవ్వ అబద్ధాల్లో కూడా ఇది కొంత ఉంది.

కానీ ప్రేమ ఉండి కూడా మాట పడిపోయిన ఇళ్లు మనలో చాలామందివి. అక్కడ పెద్దవాళ్లు భయాన్ని త్యాగం అనే పేరుతో చెప్పడం మానాలి. ‘నీ కోసమే’ అన్నప్పుడు పిల్లకు మిగిలేది అప్పు తీర్చడమో ఎగ్గొట్టడమో. ‘నాకు భయమేస్తోంది’ అన్నప్పుడు ఆమె జవాబు చెప్పగలదు, కాదని కూడా అనగలదు. పిల్లల వంతు కూడా ఒకటుంది. తల్లిదండ్రులు రోజంతా ఏం చేసి వస్తున్నారో, ఒంట్లో ఎక్కడ నొప్పో అడగడం. నేను పదహారేళ్లకు అది చేయలేదు. చిన్నదాన్ని కాబట్టి తప్పు కాదంటారు, కానీ అడిగి ఉంటే బాగుండేది. ఇక మూడోది, ఎవరి మాట వాళ్లే మోసుకెళ్లడం. ఇంట్లో ఆడమనిషి చేత మోయించకుండా.

ఇంత చేసినా ఏకాభిప్రాయం వస్తుందని హామీ లేదు. ఇంటికొచ్చాక అమ్మాయికి చెప్పాను, భయమూ ఉంది, నామోషీ కూడా ఉంది అని. బాయి నుంచి బయటపడ్డ కూతురిగా నాకు కొంత పేరొచ్చింది, నువ్వు మళ్లీ అటు పోతే ఆ పేరు ఏమవుతుందోనన్న నీచమైన దిగులు కూడా ఉందని చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. “నాకూ కొంచెం భయంగనే ఉంది” అంది చివరికి. “కానీ ఆప్షన్లల్ల మైనింగే ఫస్ట్ పెడత.”

నేను ఇంకా సరేననలేదు. ఆమె మనసు మార్చుకోలేదు. నిన్న అన్న ఫోన్ చేసి, “బాపుకు మందులున్నయా అడుగు” అన్నాడు. “ఫోన్ ఆయనకే ఇస్తున్న, నువ్వే అడుగు” అని ఇచ్చేశాను. కాసేపు రెండు వైపులా దగ్గు మాత్రమే వినిపించింది. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను.